టెర్రియర్ పిల్లను ఎవరి దగ్గర తీసుకోవాలి? బరంపురం నుంచి జయపురం దాకా ఉన్నవారి కోసం ఒక పోలిక

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ల్యాబ్రడార్ పిల్ల కావాలంటే రెండు ఫోన్లు చేస్తే దొరుకుతుంది. పామరేనియన్ పేరుతో అమ్మే తెల్ల స్పిట్జ్ పిల్లకైతే ఆ రెండు ఫోన్లు కూడా అక్కర్లేదు. టెర్రియర్ సంగతి వేరు. ఒడిశాలోని మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో వాటిని పద్ధతిగా పెంచి పిల్లలు తీసేవారు అరుదు. అందుకే టెర్రియర్ మీద మనసు పడినవారు ఐదు దారుల మధ్య ఊగిసలాడుతుంటారు. దగ్గరి పట్టణంలో పెంపుడు జంతువుల దుకాణం ఒకటి. చుట్టాల ఇంట్లోనో తెలిసినవారి ఇంట్లోనో వేసిన ఈత ఇంకొకటి. విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ వంటి చోట్ల నమోదైన బ్రీడర్ మూడోది. ఫోన్లో ప్రకటన చూసి డబ్బు పంపి తెప్పించుకోవడం నాలుగోది. ఎవరో ఉంచుకోలేక ఇచ్చేస్తున్న పెద్ద కుక్కను తెచ్చుకోవడం ఐదోది.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. తల్లిని చూపించి, రేపు ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తే మనిషి దగ్గరే తీసుకోవాలి. ఆ మనిషి మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే అంత దూరమూ వెళ్లాలి. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తీసుకోమని పెద్దలు పెళ్లి సంబంధాల గురించి చెప్పారు. కుక్కపిల్లల బేరానికి ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది.

## ముందు, టెర్రియరే కావాలా?

పాత గ్రామఫోను రికార్డుల మీద గొట్టం ముందు తల వంచి వింటున్న కుక్క చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని పేరు నిప్పర్, అదీ టెర్రియర్ రకమే. ఆ బొమ్మను చూసి ఇది బుద్ధిగా ఒకచోట కూర్చునే జాతి అనుకుంటే మాత్రం ఇంట్లో తలుపులు, చెప్పులు, పూలకుండీలు వరుసగా సాక్ష్యం చెబుతాయి. టెర్రియర్లను బ్రిటన్‌లో తయారు చేసిందే కలుగుల్లోకి దూరి ఎలుకల్ని, నక్కల్ని తరమడానికి. తవ్వడం, మొరగడం, కదిలేదాని వెంట పడడం వాటికి పుట్టుకతో వచ్చే పనులు. శిక్షణతో తగ్గుతాయి కానీ పోవు.

దీన్ని మన ఇళ్లకు అన్వయించుకుంటే మూడు చిక్కులు కనిపిస్తాయి. పెరట్లో కోళ్లు ఉంటే వాటికి గండమే. రెండోది ఎలుకల మందు. ధాన్యం బస్తాలున్న ఇంట్లో ఎలుకల్ని పడుతుందని టెర్రియర్‌ను తెచ్చి, మరోపక్క మందు బిళ్లలు కూడా పెట్టేవారున్నారు. మందు తిన్న ఎలుకను కుక్క తింటే ఆ విషం కుక్కకూ ఎక్కుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందయితే రెండు మూడు రోజుల తర్వాత గానీ లక్షణాలు బయటపడవు. కుక్క కావాలో మందు కావాలో ముందే తేల్చుకోవాలి. మూడోది పాములు. కలుగు కనబడితే ముక్కు పెట్టే జాతికి పొలం గట్లు, రాళ్ల గుట్టలు ఉన్న ఊళ్లో నాగుపాముతో, రక్తపింజరతో ముఖాముఖి తప్పదు. కుక్కకు పాము విషానికి విరుగుడు ఇవ్వగల పశువైద్యశాల మీకు ఎంత దూరంలో ఉందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

ఇంత విన్నాక కూడా కావాలనిపిస్తే, ఏ టెర్రియర్ అన్నది తర్వాతి ప్రశ్న. మన వేడికి, సముద్రపు ఉక్కకు పొట్టి వెంట్రుకల జాక్ రస్సెల్, నున్నటి ఫాక్స్ టెర్రియర్ నయం. జాక్ రస్సెల్ భుజం ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు అయిదారు కిలోలు. ఆ ఒంట్లో ఉండే చురుకు మాత్రం అల్సేషియన్‌కు సరిపోయేంత. యార్క్‌షైర్ టెర్రియర్ మూడు కిలోల చిల్లర ఉండే పట్టుకుచ్చు, అపార్టుమెంటులో సర్దుకుంటుంది. కానీ రోజూ దువ్వాలి, పళ్లు త్వరగా పాడవుతాయి, మోకాలి చిప్పలు జారడం, గాలిగొట్టం మెత్తబడడం ఆ జాతిలో మామూలు. ‘టీకప్ యార్కీ’ అని ఎవరైనా అమ్మజూపితే వెనక్కి తిరిగి రండి. అలాంటి జాతి ఏదీ లేదు. బక్కపిల్లల్ని, నెల తిరగని పిల్లల్ని ఆ పేరుతో అంటగడతారు. వెస్ట్ హైలాండ్ వైట్ ముచ్చటగా ఉంటుంది కానీ చర్మపు అలర్జీలకు పేరుపడ్డ జాతి. గోపాల్‌పూర్ గాలిలో దాని దురదతో వేగడం కష్టం. కొరాపుట్ పీఠభూమి చల్లదనంలో కాస్త నయమేమో గానీ నేనైతే తెచ్చుకోను.

టెర్రియర్ అని అడిగితే పిట్‌బుల్‌ను చూపించేవారూ ఉన్నారు. 2024 మార్చిలో పిట్‌బుల్ టెర్రియర్ సహా 23 జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మొదటిసారి కుక్కను పెంచేవారు తలకెత్తుకోవలసిన జాతి అది కాదు. టిబెటన్ టెర్రియర్ పేరుకే టెర్రియర్, దాని స్వభావం వేరు. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ప్రధానంగా జాక్ రస్సెల్, ఫాక్స్ టెర్రియర్, యార్కీలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవే.

## దేన్ని బట్టి తూచాలి

తల్లి. పిల్లలు తల్లితో ఉన్నప్పుడు వాటి ఇంట్లోనే చూడగలగాలి. ‘తల్లిని ఊరికి పంపాం’, ‘మేమే రైల్వే స్టేషనుకు తెచ్చి ఇస్తాం’ అన్నారంటే అక్కడితో మాట ముగించవచ్చు. ఇంకో కుక్కను తెచ్చి ఇదే తల్లి అని చూపించేవారూ ఉంటారు. పాలిచ్చే తల్లికి రొమ్ములు వేలాడుతుంటాయి, పిల్లల గోళ్ల గీతలు వాటి మీద కనిపిస్తాయి, పొట్ట కింద వెంట్రుక పలచబడి ఉంటుంది. పిల్లల్ని వదిలితే అవి నేరుగా ఆ పొట్ట కిందికే వెళతాయి. తల్లి మనుషుల్ని చూసి వణికినా, పళ్లు చూపించినా పిల్లల్లోనూ ఆ బెరుకు ఉంటుందనుకోవాలి. పిల్లల దగ్గరికి కొత్తవారు వస్తే తల్లి కాస్త గుర్రుమనడం సహజమే. యజమాని ఒక మాట అనగానే సర్దుకుంటుందా లేదా అన్నది గమనించండి.

వయసు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మన దగ్గర 35, 40 రోజుల పిల్లల్ని ‘ఇప్పుడే తీసుకెళ్తే మీకు బాగా మాలిమి అవుతుంది’ అంటూ చేతిలో పెడతారు. జరిగేది దానికి విరుద్ధం. ఎంత గట్టిగా కొరికితే అవతలివారికి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర. ఆ పాఠం తప్పిన టెర్రియర్ పిల్ల మీ పిల్లల పిక్కల మీద దాన్ని నేర్చుకుంటుంది. వయసు మీద అనుమానం వస్తే నోరు తెరిచి చూడండి. కుక్కకు పాలపళ్లు మొత్తం 28. ఎనిమిది వారాలకు దాదాపు అన్నీ వచ్చేసి ఉంటాయి.

తల్లిదండ్రుల ఆరోగ్యం. ఎక్కువమంది వదిలేసేది ఇదే, టెర్రియర్లలో అతి ముఖ్యమైనదీ ఇదే. జాక్ రస్సెల్, ఫాక్స్ టెర్రియర్ వంటి వాటిలో కంటి కటకం పట్టు తప్పి జారిపోయే జబ్బు ఒకటి వంశపారంపర్యంగా వస్తుంది. సాధారణంగా మూడేళ్లు దాటాక బయటపడుతుంది, వెంటనే చూపించకపోతే చూపు పోతుంది. ఎనిమిది వారాల పిల్లను ఎంత గొప్ప డాక్టరు చూసినా ఇది కనిపించదు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి తీసే నమూనాతో డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మాత్రం తల్లిదండ్రుల్లో ఆ లోపం ఉందో లేదో తెలిసిపోతుంది. లోపం ఒకరిలోనే దాగి ఉండి, రెండోవారు పూర్తిగా శుభ్రంగా ఉంటే పిల్లలకు జబ్బు రాదు. ఇద్దరిలోనూ దాగి ఉంటేనే ప్రమాదం. కాబట్టి ‘పిల్ల ఆరోగ్యంగా ఉంది’ అనే సర్టిఫికెట్టు కన్నా తల్లిదండ్రుల పరీక్ష కాగితం ఎన్నో రెట్లు విలువైనది. తెల్లటి ఒళ్లున్న టెర్రియర్లలో పుట్టు చెవుడు కూడా వస్తుంది. యార్కీల్లో కాలేయానికి వెళ్లవలసిన రక్తం పక్కదారి పట్టే లోపం ఉంటుంది, దాన్ని రక్త పరీక్షతో పట్టవచ్చు.

కాగితాలు. రెండు రకాల కాగితాలను ఒకటిగా కలిపేసుకోవద్దు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్టు ఆ పిల్ల తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాతలెవరు అని చెబుతుంది. ఆరోగ్యం గురించి, పెంచిన తీరు గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. 2017 నియమాల కింద బ్రీడర్ తన రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర తీసుకోవలసిన నమోదు వేరే సంగతి. మనం ఒడిశాలో ఉన్నా, విశాఖ బ్రీడర్ దగ్గర ఉండవలసింది ఆంధ్రప్రదేశ్ బోర్డు నమోదు. భువనేశ్వర్ బ్రీడరైతే ఒడిశా బోర్డుది. అమ్మే ముందు పిల్లకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు చిప్పు) వేయాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి.

వెనక్కి తీసుకుంటారా. ‘మీకు కుదరకపోతే ఏ వయసులోనైనా మాకే తెచ్చివ్వండి, ఇంకొకరికి అమ్మవద్దు’ అనే మాట బ్రీడర్ నోటి నుంచి అడక్కుండానే రావాలి. కాగితం మీద రాసిస్తే మరీ మంచిది.

## ఐదు దారులూ పక్కపక్కన

| దారి | తల్లిని చూడవచ్చా | తల్లిదండ్రుల పరీక్షలు | కాగితాలు | తర్వాత ఇబ్బంది వస్తే | ఎదురుచూపు |
|---|---|---|---|---|---|
| దుకాణం | దాదాపు ఎప్పుడూ కుదరదు | ఉండవు | బిల్లు, టీకా కార్డు | పిల్లను మార్చి ఇస్తామంటారు | ఉండదు |
| ఇంటి ఈత | తప్పక చూడవచ్చు | అరుదు | సాధారణంగా ఉండవు | మొహమాటం అడ్డు | కొద్ది వారాలు |
| నమోదైన మంచి బ్రీడర్ | చూడవచ్చు | అడిగితే చూపించాలి | అన్నీ ఉండాలి | సలహా, అవసరమైతే వెనక్కి | నెలలు |
| ఫోన్ ప్రకటన | వీడియోలోనే | మాటల్లోనే | ఫొటోల్లోనే | ఫోన్ ఎత్తరు | ఉండదు |
| పెద్ద కుక్క దత్తత | అక్కర్లేదు | కుక్కనే పరీక్ష చేయించవచ్చు | పాత యజమాని టీకా పుస్తకం | పాత యజమానిని బట్టి | అదృష్టాన్ని బట్టి |

### దుకాణం

దీని గురించి ఎక్కువ చెప్పను. 2018 నుంచి పెంపుడు జంతువుల దుకాణాలకూ రాష్ట్ర బోర్డు నమోదు తప్పనిసరి, అక్కడా ఎనిమిది వారాల నియమమే. నమోదు ఉన్న దుకాణంలో కూడా అసలు లోటు తీరదు. నాలుగు చోట్ల నుంచి వచ్చిన పిల్లలు ఒకే బోనులో, పక్కపక్క బోనుల్లో ఉంటాయి. ఒకదానికి పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) ఉంటే అన్నింటికీ అంటుతుంది. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే మీరు గంతులు వేస్తున్న పిల్లను ఇంటికి తెస్తారు, వారం తిరక్కుండానే అది రక్తపు విరేచనాలతో పడిపోతుంది. దుకాణదారు మంచివాడైనా ‘దీని తల్లి ఎక్కడుంది’ అన్న ప్రశ్నకు జవాబు అతని దగ్గర ఉండదు. పట్టీలు, గిన్నెలు, బ్రష్‌లు అక్కడే కొనండి.

### ఇంటి ఈత

మన జిల్లాల్లో ఎక్కువమంది ఈ దారిలోనే వెళతారు, ఎక్కువ మెలికలున్నదీ ఇదే. మంచి పక్షం బలంగా ఉంటుంది. పిల్లలు వంటింటి పక్కన పుట్టి, మిక్సీ చప్పుడు, పిల్లల అల్లరి, ఒడియా తెలుగు కలగలిసిన మాటలు వింటూ పెరుగుతాయి. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే అది దానికి జీవితాంతం మామూలైపోతుంది. ఊరవతల షెడ్డులో పెరిగిన పిల్లకు ఆ చదువు దొరకదు. ఈ ఒక్క విషయంలో ఇల్లాలు పెంచిన పిల్ల, పేరున్న కెన్నెల్ పిల్ల కన్నా ఒక మెట్టు పైనే ఉండవచ్చు.

ఇక రెండో పక్షం. ‘మా దానికి ఒక ఈతైనా పడితే మంచిదని డాక్టరు అన్నాడు’ అనే మాట తరచు వినిపిస్తుంది. ఒక ఈత పడితే ఆడకుక్క ఆరోగ్యం బాగుపడుతుందనడానికి ఆధారం లేదు. సరే, దాటించారు. ఎవరితో? బరంపురంలో జాక్ రస్సెల్ మగకుక్కలు ఎన్ని ఉంటాయి? దొరికినదానితో కానిచ్చేస్తారు. అది అన్నో తమ్ముడో కావచ్చు, జాక్ రస్సెల్‌లా కనిపించే మరేదో కావచ్చు. డీఎన్ఏ పరీక్ష అన్న మాట అక్కడ ఎవరూ విని ఉండరు. ఇంట్లో పెంచినా, అమ్మకానికే పిల్లల్ని తీస్తుంటే 2017 నియమాల కింద నమోదు చేయించుకోవాలన్న సంగతి కూడా ఎక్కువమందికి తెలియదు.

అన్నింటికన్నా పెద్దది మొహమాటం. వదినగారి ఇంట్లో ఈత వేస్తే ‘తండ్రి కుక్క కాగితాలు చూపించండి’ అని అడగలేం. ‘నీకు కాక ఎవరికిస్తాం, నలభయ్యో రోజున వచ్చి పట్టుకెళ్లు’ అంటే కాదనలేం. తీరా పిల్లకు ఏదైనా లోపం బయటపడితే చెప్పుకోలేం, చెప్పకుండా ఉండలేం. ఆ కుక్క బతికినన్నాళ్లూ ప్రతి పెళ్లిలోనూ ఆ ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ఈ దారిలో వెళ్లదలచుకుంటే ఈత వేయకముందే మాట్లాడండి. దాటించే ముందు ఇద్దరికీ పరీక్ష చేయిద్దాం, ఖర్చులో సగం నాది అనండి. చుట్టరికం చెడకుండా అడగగలిగిన సమయం అదొక్కటే. పిల్లలు పుట్టేశాక అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుంది.

### నమోదైన బ్రీడర్

బరంపురం వారికి భువనేశ్వర్, విశాఖ రెండూ ఒకే రైలు మార్గం మీద చెరో దిక్కున ఉన్నాయి. రాయగడ, గుణుపురం వైపు వారికి విజయనగరం మీదుగా విశాఖే సులువు. కొరాపుట్, జయపురం వారికి సుంకి ఘాటు దిగి సాలూరు మీదుగా రోడ్డు ఉంది. హైదరాబాద్, కోల్‌కతాలలో టెర్రియర్లు దొరకడం తేలిక, కానీ రెండుసార్లు వెళ్లి రావడం కష్టం. నా లెక్కలో రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి పెద్ద కుక్కల్ని, చోటును చూడడానికి. రెండోసారి పిల్లను తెచ్చుకోవడానికి. మొదటిదాన్ని ఎగ్గొట్టాలన్న కోరిక బలంగా ఉంటుంది కనుకే ముందే చెబుతున్నాను.

మంచి బ్రీడర్‌ను గుర్తుపట్టడానికి ఒక సులువు ఉంది. ప్రశ్నలు మీకన్నా ఆయనే ఎక్కువ అడుగుతాడు. ‘పగలు ఇంట్లో ఎవరుంటారండీ?’, ‘ప్రహరీ ఎంత ఎత్తు, గేటు కింద సందు ఎంత?’, ‘కోళ్లున్నాయా?’, ‘ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది?’ ఇలా సాగుతుంది. కొందరికి ఇది చిరాకు. డబ్బు ఇచ్చి కొనుక్కుంటుంటే మనల్ని నిలదీయడం ఏమిటని అనుకుంటారు. ఆ ప్రశ్నలు అడగని మనిషికి పిల్ల ఎటు పోయినా ఒకటే.

మీరు అడగవలసినవీ ఉన్నాయి. ఆడకుక్క వయసెంత, ఇది ఎన్నో ఈత, కిందటి ఈత ఎప్పుడు? నియమాల ప్రకారం ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈత మించకూడదు. ఒకటి రెండు ఆడకుక్కలున్న చోట ‘మా దగ్గర ఎప్పుడూ పిల్లలుంటాయి’ అన్నారంటే లెక్క ఎక్కడో తప్పుతోంది. టెర్రియర్, పగ్, రాట్‌వీలర్, హస్కీ, పర్షియన్ పిల్లి అన్నీ ఒకే చోట దొరుకుతుంటే, బోర్డు మీద కెన్నెల్ అని రాసి ఉన్నా అది దుకాణమే. నమోదు నంబరు ఉన్నంత మాత్రాన మంచి బ్రీడర్ అయిపోడని కూడా గుర్తుంచుకోండి. అది ఉండితీరాలి, చూడవలసింది మాత్రం ఇంకా చాలా ఉంటుంది.

దీని లోటు ఒక్కటే, ఎదురుచూపు. కుక్క చూలు 63 రోజులు, ఆపైన ఎనిమిది వారాలు. ఇవాళ దాటించారని తెలిసినా పిల్ల మీ చేతికి రావడానికి నాలుగు నెలలు. చిన్న జాతి కాబట్టి ఈతకు నాలుగైదు పిల్లలే ఉంటాయి, మీకన్నా ముందు ముగ్గురు వరుసలో ఉండవచ్చు. పిల్లలు పుట్టకముందే మొత్తం డబ్బు అడిగితే ఒప్పుకోవద్దు. కొద్దిపాటి బయానా ఇవ్వడం మామూలే. పిల్లలు పుట్టకపోతే, మీరు కోరిన ఆడదో మగదో పుట్టకపోతే ఆ బయానా వెనక్కి వస్తుందా అన్నది రాయించుకోండి.

### ఫోన్ ప్రకటన

ఈ దారి వద్దు. ప్రకటనలో ముద్దొచ్చే ఫొటో, బజారు కన్నా తక్కువ ధర, ‘ఇవాళే పంపుతాం’ అనే మాట ఉంటాయి. అడ్వాన్సు పంపాక రవాణా సంస్థ పేరుతో ఇంకొకరు ఫోన్ చేస్తారు. బోను డబ్బు తర్వాత వెనక్కి ఇస్తామంటారు, బీమా అంటారు, సరిహద్దు అనుమతి అంటారు. పిల్ల రాదు. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రకటన నిజమైనదే అయినా కథ అంతకన్నా బాగుండదు. నెల దాటిన పిల్లను అట్టపెట్టెలో పెట్టి, రాత్రి బస్సు సామాన్ల అరలో పంపిస్తారు. వేడికి, దాహానికి, ఇంజన్ పొగకు అది ఏ స్థితిలో దిగుతుందో ఊహించుకోవచ్చు.

### పెద్ద కుక్క దత్తత

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ టెర్రియర్లలో ఇది తరచు దొరికే అవకాశం. మొదట చెప్పిన కారణమే: చిన్నగా ఉంది కదా అని అపార్టుమెంటుకు తెచ్చుకున్న జాక్ రస్సెల్ ఏడాది తిరిగేసరికి సోఫా చింపేస్తుంది, పక్కింటివారు మొరుగుడు మీద ఫిర్యాదు చేస్తారు, ఇంకో ఊరికి బదిలీ వస్తుంది. అలా బయటికొచ్చే కుక్కలు ఏడాది నుంచి మూడేళ్ల వయసువి. వాటి పరిమాణం, స్వభావం, అలవాట్లు అన్నీ కళ్లముందే ఉంటాయి. కంటి జబ్బు డీఎన్ఏ పరీక్షను నేరుగా దానికే చేయించవచ్చు. పిల్లప్పటి టీకాల హడావుడి, రాత్రి ఏడుపులు ఉండవు.

ఎందుకు ఇచ్చేస్తున్నారో మాత్రం ఒకటికి రెండుసార్లు అడగండి. ఎవరినైనా కరిచిందా, ఇంట్లో పిల్లలుండగా పెరిగిందా, ఇతర కుక్కల్ని చూస్తే ఎలా ఉంటుంది? వీలైతే ఒక రోజు మీ ఇంటికి తెచ్చి చూడండి. మంచి బ్రీడర్లకు కూడా ఈ మాట చెప్పి ఉంచితే, తమ దగ్గరికి తిరిగొచ్చిన కుక్కల సంగతి చెబుతారు.

## ఎవరికి ఏది

గంజాంలోనో రాయగడ వైపో బియ్యపు మిల్లు, ధాన్యం గోదాము ఉన్న కుటుంబానికి ఎలుకల పని ముఖ్యం. వారికి బ్రీడర్ దగ్గరి జాక్ రస్సెల్ లేదా ఫాక్స్ టెర్రియర్ సరైనది. అందాల పోటీల వంశం కోసం అదనంగా చెల్లించక్కర్లేదు, కంటి పరీక్ష కాగితం మీద మాత్రం రాజీ పడవద్దు. ఎలుకల మందు మానేస్తామని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే పిల్లను తేవాలి.

బరంపురం అపార్టుమెంటులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసేవారైతే టెర్రియర్ పిల్లను ఇప్పుడు తీసుకోవద్దనే నా సలహా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా ఉన్న టెర్రియర్ తన పని తాను వెతుక్కుంటుంది. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే యార్కీ గురించి ఆలోచించవచ్చు.

పింఛను తీసుకుని పర్లాకిమిడిలో సొంత ఇంట్లో ఉండే దంపతులకు రెండు మూడేళ్ల పెద్ద కుక్క బాగా కుదురుతుంది. పొద్దునా సాయంత్రం నడకకు తోడుంటుంది. పిల్లే కావాలంటే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: టెర్రియర్లు చాలావరకు పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి, అప్పటికి దాన్ని చూసుకునేదెవరు?

అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి యార్కీ వద్దు. దాని ఎముకలు పెళుసు, పిల్లల చేతిలోంచి జారిపడితే కాలు విరుగుతుంది. గట్టి జాక్ రస్సెల్ నయమే, కానీ ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉన్నదే కావాలి.

కోళ్లు, మేకలు పెంచే ఇంటికి, కొండ ఊళ్ల ఇళ్లకు ఏ టెర్రియర్‌నూ సూచించలేను. అక్కడ ఊరి కుక్క పిల్లనే తెచ్చుకుని టీకాలు వేయించి పెంచితే కోళ్లూ మిగులుతాయి, కాపలా కూడా జరుగుతుంది.

## పిల్లను చూసే రోజు, తెచ్చే రోజు

పిల్లలు నిద్ర లేచి ఆడుకునే వేళకు వెళ్లండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం డప్పులా ఉంటే నట్టలున్నట్టే, నట్టల మందు రెండు వారాల వయసు నుంచే వేస్తూ రావాలి. తోక ఎత్తి చూడండి, తడిగా అంటుకుని ఉంటే విరేచనాలున్నాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి. బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే హెర్నియా కావచ్చు, చిన్నదైతే పెద్ద సమస్య కాదు గానీ చెప్పకుండా దాచారంటే ఆలోచించాలి. పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి చప్పట్లు కొట్టండి. ఒక చెవే వినిపించని పిల్లను ఇలా పట్టలేం కానీ రెండూ వినిపించనిది తెలిసిపోతుంది. మూల నక్కిన పిల్లను జాలితో తీసుకోవద్దు. మీద పడి కొరికే రౌడీని చూసి మురిసిపోవద్దు. వచ్చి వాసన చూసి, కాసేపు ఆడి, మళ్లీ తన పని మీద వెళ్లేదాన్ని ఎంచుకోండి.

టీకా పుస్తకంలో సీసా మీది స్టిక్కరు అతికించి, తేదీ వేసి, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో ‘వ్యాక్సిన్ వేశాం’ అని రాసినది లెక్కలోకి రాదు. ఆంధ్రలో వేసిన టీకాల పుస్తకాన్ని ఒడిశా పశువైద్యుడు చూసి అక్కడి నుంచే కొనసాగిస్తాడు, మళ్లీ మొదటినుంచీ వేయించనక్కర్లేదు. పార్వో, డిస్టెంపర్ల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల వయసు దాకా సాగుతుంది. రేబిస్ టీకా మూడు నెలలకు.

రైల్లో తెచ్చేటట్టయితే స్లీపరులోగానీ ఏసీ త్రీ టైర్‌లోగానీ కుక్కను అనుమతించరు. ఫస్ట్ ఏసీలో గది మొత్తం మీ పేరున ఉండాలి, లేదంటే గార్డు పెట్టెలోని బోనులో పెట్టాలి. ఆ బోనులో ఎనిమిది వారాల పిల్లను పెట్టవద్దు. కారు మాట్లాడుకోవడమే మేలు. బయలుదేరడానికి మూడు గంటల ముందు నుంచి తిండి ఆపితే సుంకి ఘాటు మలుపుల్లో వాంతులు తగ్గుతాయి. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని పెట్టెలో వేయండి. దారిలో ధాబాల దగ్గర నేల మీద దించవద్దు, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. బ్రీడర్ పెట్టే తిండినే వారం రోజులు కొనసాగించి, ఆ తర్వాత మెల్లగా మార్చండి. వచ్చిన రెండు మూడు రోజుల్లోపే డాక్టరుకు చూపించి, మైక్రోచిప్ నంబరు కాగితం మీది నంబరుతో కలుస్తోందో లేదో రీడరుతో చదివించండి. కలవకపోతే ఆ రోజే బ్రీడర్‌కు ఫోన్ చేయాలి.